టెస్టింగ్ గదిలో కుర్చీ

నల్లక్క నలుపు కాదు. వాళ్ళింట్లో ఆమే అందరికన్నా తెల్లన. కానీ పదహారేళ్ళుగా ప్రింటర్ల కాట్రిడ్జిలు విప్పి ఇంకు పొడి నింపే షాపులో పనిచేస్తోంది. ఆ పొడి నింపిన రోజుల్లో గోళ్ళ అంచుల్లోనూ చెవి మడతల్లోనూ సబ్బుకి లొంగని నలుపు ఒకటి దిగిపోయింది. ఆ పేరు పెట్టింది పక్క కుర్చీలో పనిచేసే చిట్టి. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. మొదట్లో ఈవిడ చిన్నబుచ్చుకుందట. ఆ తరవాత ఓనరూ, పెట్టెలు దింపేవాళ్ళూ అందరూ అలాగే పిలవడంతో ఊరుకుంది. నేను వాళ్ళ పై వాటాలో ఉంటాను. మెట్ల మీద ఎదురైతే నేనూ అలాగే పిలుస్తాను. పలుకుతుంది. ఇదంతా ఆవిడ ఆ మెట్ల మీద కూచుని, ఒక్కసారిగా కాదు, ముక్కలు ముక్కలుగా చెప్పిందే.

చూడ్డానికి ఆ పని తేలికే. ఆఫీసుల నుంచి, బడుల నుంచి పొడి అయిపోయిన కాట్రిడ్జిలు అట్టపెట్టెల్లో వస్తాయి. స్క్రూలు తీసి, మూత ఊడదీసి, లోపల మిగిలిన పాత పొడిని డబ్బాలోకి దులపాలి. మూలల్లో ఇరుక్కున్నదాన్ని బ్లోయర్ పెట్టి ఎగరగొట్టాలి. లోపల గొట్టంలా మెరిసే డ్రమ్ముని మెత్తటి గుడ్డతో తుడవాలి. దానికి గోరు తగిలితే గీత పడుతుంది, ఆ తరవాత తీసే ప్రతి కాగితం మీదా అదే గీత. చివరికి గరాటు పెట్టి కొత్త పొడి పొయ్యాలి. పేరుకే పొడి గానీ నీళ్ళలా జారుతుంది. మూత బిగించి నాలుగుసార్లు అటూ ఇటూ ఊపి లోపలి గదికి పంపితే, అక్కడ ప్రింటర్లలో పెట్టి టెస్ట్ చేస్తారు. రోజుకి నలభై, యాభై కాట్రిడ్జిలు. ముక్కుకి గుడ్డ మాస్కు. సాయంత్రం ముక్కు చీదితే నలుపు.

పెళ్ళైన నాలుగేళ్ళదాకా ఆమెకి నెల తప్పలేదు. భర్త లిఫ్టు మెకానిక్కు. మాట తక్కువ మనిషి. రోజంతా చీకటి గొయ్యిలో తాళ్ళకి నూనె పూస్తూ గడిపేవాడికి మాటలెక్కడ అలవాటవుతాయి? అత్తగారు ఒక ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లుతికి రిటైరయిన మనిషి. దెప్పడమంటూ మొదలుపెడితే గోడలక్కూడా చెమటలు పట్టించగలదు. కానీ పిల్లల మాట మీద మాత్రం కోడల్ని ఒక్కసారీ దెప్పలేదు. ఎందుకో ఆమెకి చాలా ఏళ్ళ తరవాత గానీ తెలియలేదు.

డాక్టరమ్మ పరీక్షలు రాసింది. ఇద్దరికీ అన్నీ బాగానే ఉన్నాయంది. బరువు అడిగింది, నిద్ర అడిగింది, నెలసరి తేదీలడిగింది, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అనడిగింది. చివర్లో కాగితం మీద సంతకం పెడుతూ, "పని చేస్తారా?" అంది.

"ప్రింటర్ల షాపులో, డాక్టర్."

"కూచుని చేసే పనేగా. మంచిది."

ముప్పయ్యో ఏట నెల తప్పింది. మూడో నెలలో, ఒక మంగళవారం, సగం పొడి పోసిన కాట్రిడ్జి చేతిలో ఉండగా కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టయింది. లేస్తే పొడి ఒలికిపోతుందని ముందు మూత బిగించింది. రెండు స్క్రూలూ బిగించింది. అప్పుడు లేచింది. కుర్చీ మీద రక్తం.

"ఆ మూతెందుకు బిగించానో ఇప్పటికీ అర్థం కాదు," అంది నాతో ఒకసారి. "ప్రాణం పోతుంటే స్క్రూలు బిగించింది నా చెయ్యి."

పదిరోజుల తరవాత పనిలోకొచ్చింది. వచ్చిన రోజే ఓనర్ దగ్గరికెళ్ళింది. ఓనరు చెడ్డమనిషేం కాదు. కోపమొచ్చినా, ఇరుకునపడ్డా కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు, అంతే.

"సార్, నేనింక లోపలి గదిలో కూచుంటాను. ఈ పొడి నాకు పడటం లేదు."

"అది బుర్రపెట్టి చేసే పనమ్మా. గీతలు పట్టుకోవాలి, మచ్చలు పట్టుకోవాలి."

"ఎనిమిదేళ్ళుగా ఆ గీతలు రాకుండా చూస్తున్నది నేనేగా సార్. వస్తే పట్టుకోలేనా?"

కళ్ళజోడు తుడుచుకుని సరేనన్నాడు.

ఆ గది చూస్తే ఎవరికైనా అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. తెల్లటి గోడలు, తెల్లటి నేల, ఏసీ. కిటికీ అంచులకి దుమ్ము రాకుండా టేపు వేశారు. గోడ పొడుగునా ఆరు ప్రింటర్లు. నల్లక్క పని కాట్రిడ్జి పెట్టడం, ఇరవై కాగితాలు తీయడం, వెలుతురుకి పట్టి చూడటం. పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఆరు మిషన్లూ గురకపెట్టి నిద్రపోయేవాళ్ళలా ఒకే మోతగా నడుస్తుంటాయి. గదంతా వెచ్చటి కాగితం వాసన. మాస్కు అక్కర్లేదు. పొడి కంటికి కనపడితేగా? నాలుగు నెలలు తిరిగేసరికి గోళ్ళు గోళ్ళలా కనిపించాయి. ముక్కు చీదితే తెల్లగానే వచ్చేది.

"ఇప్పుడు మనిషిలా ఉన్నావు," అంది అత్తగారు.

చిట్టి మాత్రం గుమ్మంలో నించుని ఏడిపించేది. "ఏం మహారాణీగారూ, లోపల చల్లగా ఉందా? మేమిక్కడ బొగ్గుగనిలో ఉన్నాం. జ్ఞాపకముంచుకోండి."

ఆ గదిలో కూచోవడం మొదలుపెట్టిన మూడేళ్ళకి మళ్ళీ నెల తప్పింది. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుంది. బస్సు మానేసి నడిచింది, బరువెత్తలేదు. ఏసీ గదిలో కదలకుండా కూచుని కాగితాలు చూసింది. మూడో నెల దాటింది, నాలుగో నెల దాటింది. అత్తగారు నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ, పాత చీరలు రెండు మెత్తగా ఉతికి మడతపెట్టి పైన పెట్టింది. ఐదో నెల స్కానింగులో బిడ్డ నెలలకి తగ్గ బరువు లేదన్నారు. బాగా తినమన్నారు. ఆకలి లేకపోయినా మందులా మింగింది. ఆరో నెల స్కానింగులో ఆ చీకటి గదిలో కూచున్న అమ్మాయి మాట్లాడకుండా ఒకే చోట చాలాసేపు మిషను పెట్టి నొక్కుతూ ఉంది. చివరికి, "డాక్టర్ని పిలుస్తానండీ," అని లేచింది.

అప్పుడే తెలిసిపోయిందంది నల్లక్క. ఆ గుండె ఎన్నాళ్ళ కిందట ఆగిందో తెలియదు. ఆగిందని తెలియక, దానికోసమని ఎన్ని ముద్దలు తిందో.

"ఒక్కోసారి అంతేనమ్మా. కారణం దొరకదు," అంది డాక్టరమ్మ.

మూడు వారాల తరవాత మళ్ళీ ఆ తెల్లగదిలోకే వెళ్ళి కూచుంది. ఎక్కడికి పోతుంది? ఇంట్లో ఉంటే మడతపెట్టిన చీరలు కనపడతాయి. అప్పటినుంచీ ఆమెలో ఒక అలసట చేరింది. నిద్రపోతే పోయే అలసట కాదది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఎందుకెక్కుతున్నానో మర్చిపోయినట్టు గోడ పట్టుకుని నించునేది. మొగుడు మాత్రం రోజూ ఆవిడ షాపు ముందుకొచ్చి నించుని, ఇద్దరూ మాటా పలుకూ లేకుండా ఇంటికి నడిచొచ్చేవాళ్ళు.

ఆ ఏడే చిట్టి నీళ్ళోసుకుంది. పెళ్ళై ఎనిమిది నెలలే అయింది. రెండో నెల. ఎవరికీ చెప్పకముందు నల్లక్కకే చెప్పింది, తల వంచుకుని, ఏదో తప్పు చేసినట్టు.

"అక్కా, నిన్నడగడానికి నోరు రావట్లేదు. నాకు ఆ పొడంటే భయంగా ఉంది. నీకు మొదటిసారి అక్కడేగా..." అని ఆగిపోయింది.

నల్లక్క వెంటనే అంది, "సోమవారం నుంచి నువ్వు లోపల కూచో. నేను నీ బల్ల దగ్గరికొస్తాను. నాకింక భయమేముంది?"

ఓనరు కూడా ఒప్పుకున్నాడు. చిట్టి ఆ రోజంతా ఆమె చెయ్యి వదల్లేదు.

ఇది జరిగింది బుధవారం. శుక్రవారం పొద్దున కాలేజీలో పరిశోధన చేసే అమ్మాయి ఒకతె వచ్చింది. చిన్న దుకాణాల్లో గాలి ఎలా ఉందో కొలుస్తోందట. ఓనరు ముందు వద్దన్నాడు. అంతలో ఆయనకి తన తెల్లగది గుర్తొచ్చి, "అది కూడా కొలువమ్మా, రాసుకో. ఇలాంటి గది ఈ వీధిలో ఇంకోటుంటే చూపించు," అని తనే లోపలికి తీసుకెళ్ళాడు.

ఆ అమ్మాయి దగ్గర క్యారియరంత పెట్టె ఉంది. దానికో సన్నటి గొట్టం, మీద అంకెలు కనపడే చిన్న అద్దం. చక్కెర బిళ్ళంత గాలిలో ఎన్ని కణాలున్నాయో చెబుతుందట. వీధిలో పెడితే పదివేలు. నింపే బల్ల దగ్గర పద్నాలుగు వేలు. చిట్టి బ్లోయర్ కొట్టినప్పుడు ముప్పై వేలకెక్కింది. చిట్టి బిక్కమొహం పెట్టింది.

తరవాత టెస్టింగ్ గది. చిట్టి గుమ్మంలో నించుని చూస్తోంది. నల్లక్క ఆరు ప్రింటర్లూ నడుపుతోంది. పెట్టె బల్ల మీద పెట్టారు. యాభై వేలు. తొంభై వేలు. అంకెలు ఆగకుండా పైకి పరిగెడుతున్నాయి. లక్ష దాటింది. ఆ అమ్మాయి గొట్టం ఊడదీసి, ఊది, మళ్ళీ పెట్టింది. రెండు లక్షల పదివేల దగ్గర నిలిచింది.

ఓనరు నవ్వాడు. "మీ పెట్టె చెడిపోయిందమ్మా."

"లేదండీ. చెడిపోతే వీధిలోనూ ఇలాగే చూపించేది."

ఆయనకి ఫోనొస్తే బయటికెళ్ళాడు. నల్లక్క ఆ అమ్మాయిని అడిగింది. "ఇక్కడ పొడి లేదు కదమ్మా. చూడు, నా చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయో."

"అక్కడ మీకు కనపడేది లావుపాటి పొడండీ. చాలావరకు ముక్కులోనూ గొంతులోనూ ఆగిపోతుంది. అందుకే చీదితే నల్లగా వస్తుంది. ఇక్కడ మిషను లోపల ఆ పొడిని వేడిచేసి కాగితానికి అంటిస్తారు కదా. ఆ వేడికి బయటికొచ్చేవి చాలా సన్నవి. నానో కణాలంటారు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండవు. ముక్కులో ఆగవు. ఊపిరితిత్తుల అడుక్కి పోతాయి. కొన్ని రక్తంలోకి కూడా దిగగలవు."

"గుడ్డ కట్టుకుంటే?"

"దోమతెరతో పొగని ఆపినట్టేనండీ."

మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. నల్లక్క అడిగింది. "రక్తంలోకి దిగితే కడుపులో బిడ్డదాకా పోతాయా?"

ఆ అమ్మాయి ఆమె మొహంలోకి చూసింది. ఏదో అర్థమైనట్టుంది, కుర్చీ లాక్కుని పక్కన కూచుంది. "ఎలుకల్లో చూశారండీ. కొన్ని రకాల కణాలు అండాశయంలోకీ, మాయలోకీ చేరడం చూశారు. కడుపు నిలవకపోవడం, పిల్లలు చిన్నగా పుట్టడం చూశారు. కానీ వాటికి ఇచ్చే మోతాదు వేరు. మనుషుల్లో ఇంకా తేలలేదు. మీకు ఏం జరిగిందో నాకు తెలియదు. దీనివల్లే జరిగిందని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను."

"అంటే ఎవరికీ తెలియదన్నమాట."

"పూర్తిగా తెలియదండీ."

పెనం మీంచి పొయ్యిలోకి తనే నడిచి వెళ్ళిందేమో. తెలియదు. అడుక్కుని మరీ తెచ్చుకున్న కుర్చీ. బిడ్డ కోసమని ఎంత కదలకుండా కూచుందో అందులో.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో నేల మీద కూలబడింది. మొగుడూ అత్తగారూ ఇద్దరూ ఉన్నారు. అంకెలతో సహా అంతా చెప్పింది. మొగుడు విని, "ఆ పని మానెయ్," అన్నాడు. ఆయన చాలా రోజుల తరవాత మాట్లాడిన పూర్తి వాక్యం అది.

"నేను మానేస్తే చిట్టి కూచుంటుంది కదండీ అక్కడ."

అత్తగారు అప్పటిదాకా పప్పులో రాళ్ళేరుతోంది. చేట పక్కన పెట్టింది. "లాండ్రీలో మేము ఏవో మందునీళ్ళల్లో మోచేతులదాకా ముంచేవాళ్ళం. కళ్ళు మండిపోయేవి. వీడికి ముందు నాకు ఇద్దరు పోయారు," అంది. "మాతో పనిచేసినవాళ్ళలో ఇంకో నలుగురికీ పోయారు. ఎవరూ అడగలేదు. మేమూ చెప్పుకోలేదు. ఎవరి ఖర్మ వాళ్ళదనుకున్నాం."

కొడుకు తల్లివైపు చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మాట వినడం అదే మొదటిసారి.

"నాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"చెప్పి ఏం చేస్తాను? చేట ఇలా ఇయ్యి."

సోమవారం నల్లక్క అందరికన్నా ముందు షాపుకెళ్ళింది. స్క్రూడ్రైవర్‌తో తెల్లగది కిటికీ టేపంతా గీకింది. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన తలుపు ఒక పట్టాన రాలేదు. అరచెయ్యి చీరుకుంది. చివరికి తెరిచింది. చిట్టి కొత్త కుర్చీలో కూచోడానికి తయారై, వాటర్ బాటిలూ చిన్న దిండూ తెచ్చుకుంది. ఆ కుర్చీలో నల్లక్క కూచుని ఉంది.

"అక్కా?"

"చిట్టీ, నువ్విక్కడ కూచోవద్దు. ఆ బల్ల దగ్గరా వద్దు. ముందు గదిలో ఫోను దగ్గర కూచో. ఓనర్‌తో నేను మాట్లాడతాను."

"ఇస్తానన్నావుగా."

"అన్నాను. ఆ పెట్టె చూపించింది నువ్వూ చూశావుగా. బయటకన్నా ఇక్కడే ఎక్కువ."

"పెట్టె చెడిపోయిందని సార్ చెప్పారు." చిట్టి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గొంతు పైకి లేచింది. "నీకు నిలవలేదని నాకూ నిలవకూడదా అక్కా?"

ఆ మాట అన్నాక చిట్టే నోరు మూసుకుంది. నల్లక్క కదల్లేదు. "ఎన్నన్నా అను. ఇక్కడ మాత్రం కూచోనివ్వను," అంది.

ఓనరు వచ్చాడు. తెరిచిన కిటికీ చూశాడు, కళ్ళజోడు తీశాడు. "దుమ్మొస్తే ప్రతి కాగితం మీదా మచ్చలొస్తాయి. తెలిసి తెలిసి ఏంటమ్మా ఇది? ఆ అమ్మాయి దీనివల్లే అని తేల్చి చెప్పిందా?"

"లేదు సార్."

"మరి తేలకుండానే ఈ గొడవేంటి?"

"తేలేదాకా ఎవరి కడుపు మీద తేలుస్తారు సార్? నా మీద రెండుసార్లు అయింది. ఇప్పుడు దాని వంతా?"

గొంతు పెంచలేదట. పెంచే ఓపిక లేదంది. ఓనరు కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నాడు. ఆయనకీ ఇద్దరు కూతుళ్ళున్నారు. చివరికి, "సరే, కొన్నాళ్ళు ఫోను దగ్గర కూచోనీ," అన్నాడు. ఆరు మిషన్లూ ఒకేసారి నడపకుండా రెండేసి నడపమన్నాడు. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిస్తానన్నాడు. అది పెట్టడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నల్లక్క కిటికీ తెరవడం, ఆయన మూయడం, మళ్ళీ ఈవిడ తెరవడం. కాగితాల మీద మచ్చలు వచ్చాయి కూడా. మచ్చలొచ్చిన కాట్రిడ్జిలన్నీ ఈవిడే మళ్ళీ తుడిచి, కాగితాలు మళ్ళీ తీసింది. రోజూ గంట ఆలస్యంగా ఇల్లు చేరేది.

చిట్టి ఐదు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఫోను దగ్గర కూచుని మొహం పక్కకి తిప్పుకునేది. అందరూ కలిసి తినే చోట ఒక్కతే గోడవైపు తిరిగి తినేది. తరవాత సెలవు పెట్టింది. ఆడపిల్ల పుట్టింది. రెండు వారాలు ముందే వచ్చింది గానీ బరువు బాగానే ఉందని ఓనరు చెప్పాడు. నల్లక్క చూడ్డానికి వెళ్ళలేదు. వెళ్తే ఆ పిల్ల ఏమనుకుంటుందోనని ఒకటి. తన చేతులకి ధైర్యం చాలలేదన్నది అసలు సంగతి.

పరిశోధన చేసే అమ్మాయి ఒక కాగితం పంపింది. ఐదు దుకాణాల్లో కొలతలు. వీళ్ళ షాపుకి పేరు లేదు, మూడో నంబరు. ఫ్యాను పెట్టాక మళ్ళీ వచ్చి కొలిస్తే ముప్పై ఐదు వేలుందట. కింద, ఆడవాళ్ళ ఆరోగ్యం మీద వీటి ప్రభావం గురించి ఇంకా పరిశోధన జరగాలి అని రాసుంది. నల్లక్క ఆ వాక్యం నాకు చూపించి, "నిజమే రాసింది," అంది.

బిడ్డకి ఎనిమిదో నెల వచ్చాక చిట్టి మళ్ళీ పనిలోకొచ్చింది. మొదటి రోజు సాయంత్రందాకా ఏమీ అనలేదు. చేతులు కడుక్కునే చోట పక్కన నించుంది.

"అక్కా, నిజంగా ఆ గది వల్లేనంటావా నీకు?"

"ఏమో."

"ఏమో అయితే అంత గొడవెందుకు పెట్టుకున్నావు మరి? అందరితో మాటలు పడి?"

"ఏమో కాబట్టే."

చిట్టి సబ్బు ఆమె చేతిలో పెట్టింది. క్షమించమని అడగలేదు. ఆ పిల్లకి అలాంటివి రావు. మర్నాడు మాత్రం తన క్యారియరు తెచ్చి నల్లక్క పక్కన పెట్టుకుని కూచుంది.

ఇది జరిగి మూడేళ్ళవుతోంది. నల్లక్కకి ముప్పై ఎనిమిది నిండాయి. మొన్న మొగుడు బలవంతపెడితే కొత్త డాక్టర్ దగ్గరికెళ్ళారు. అతను కుర్రవాడు. అతను అడక్కుండానే ఈమె తన పనేమిటో, ఏ గదిలో ఎన్నేళ్ళు కూచుందో అన్నీ చెప్పింది. అతను విని రాసుకున్నాడు కూడా. పరీక్షలు చేసి, వయసుకి ఉండాల్సినన్ని అండాలు లేవన్నాడు. ఎందుకు తగ్గాయంటే చెప్పడం కష్టమన్నాడు. ఇంకోసారి ప్రయత్నించొచ్చు, సూదులున్నాయి, రోజూ రావాలన్నాడు.

బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూచున్నారు. ఎండ బాగా ఉంది. మొగుడు ఫైలుతో ఆమె తలకి నీడ పట్టాడు.

"ఏమంటావు?" అన్నాడు.

"మీరేమంటారు?"

"నీ ఒళ్ళు. నీ ఇష్టం."

"అలిసిపోయానండీ," అంది. "పిల్లలు వద్దని కాదు. మళ్ళీ నెలలు లెక్కపెట్టడం, మళ్ళీ ఆ మిషను ఒకేచోట ఆగిపోవడం... ఇంక నావల్ల కాదు."

ఆయన నీడ చెదరకుండా ఫైలు రెండో చేతికి మార్చుకున్నాడు. తరవాత, "సరే," అన్నాడు. ఆ 'సరే'లో కోపం లేదు, జాలీ లేదు. తనకీ ఎప్పటినుంచో ఆ మాటే అనాలని ఉన్నట్టుంది.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పారు. ఆవిడ "ఊఁ" అని, కోడలికి మంచినీళ్ళిచ్చి, పక్క వేసింది. నల్లక్క పడుకుంది. సాయంత్రం నేను పెరుగు గిన్నె తిరిగివ్వడానికి కిందికెళ్ళి పిలవబోతే, అత్తగారు గుమ్మంలోనే వేలు పెదాల మీద పెట్టి, "పడుకోనీ," అంది.